అక్క కాయ ఎప్పుడు పండేను?

ఆఫీసువాళ్లు పంపిస్తే మా బావగారు రెండు రోజులు ఏదో రిసార్టులో 'టీమ్ బిల్డింగ్' శిక్షణ పొంది వచ్చారు. కుటుంబమనే టీము ఇంకా పునాదుల్లోనే ఉందని అక్కడే కనిపెట్టారట. ఆ రాత్రే ఫ్యామిలీ గ్రూపులో ఉత్తర్వు వెలువడింది: ఇకపై ప్రతి ఆదివారం సాయంత్రం 7 గంటలకు గేమ్ నైట్. హాజరు తప్పనిసరి. ఫోన్లు బుట్టలో వేయాలి. పక్క వీధిలో ఉంటున్న నేనూ, మా అమ్మా కూడా పరిధిలోకి వస్తామట.

ఇలాంటి మహానుభావుడు మీ ఇంట్లోనూ ఒకరుంటారు గనక ఆయన్ని వర్ణించి మీ టైము తినను.

కరెంటు పోతే అరుగు మీద చింతగింజలు పోసుకుని వామనగుంటలు ఆడినవాళ్లం మనం. శివరాత్రి జాగారానికి వైకుంఠపాళి పరిచి తెల్లవార్లూ పాము నోట్లో పడి లేచినవాళ్లం. పాత గుళ్ల మండపాల్లో రాతి మీద పులిజూదం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. మూడు పులులూ పదిహేను మేకలూ అన్నేళ్లు కొట్టుకున్నాయి గానీ, ఆ పక్కన అజెండా చెక్కిన శాసనం మాత్రం ఎవరికీ దొరకలేదు. పాపం, వాళ్లకు శిక్షణ లేదు.

మొదటి వారం క్యారమ్స్. రెడ్డు వేసి ఫాలో వేయలేకపోయిన బావగారు బోర్డు వాలుగా ఉందని ప్రకటించి, ఫోన్‌తో మట్టం చూశారు. బుట్టలో ఉండాల్సిన ఫోన్ కదా అంటారేమో. అది ఆఫీసు ఫోను, దానికి మినహాయింపు. రెండో వారం హౌసీ. మూడో వారం 'మన సంస్కృతి' అన్నారు. అంటే అష్టాచెమ్మా.

ఇరవై అయిదు గళ్లు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. అయిదేళ్ల పిల్లకైనా వచ్చే ఈ లెక్కకు ఆయన ఎక్సెల్ షీటు తెరిచారు. గవ్వ చాప అంచున ఒరిగి నిలబడితే ఏం చెయ్యాలి? దాని మీద చర్చ. మా మేనల్లుడు దాన్ని ఊదాడా, అదే పడిందా? దాని మీద పావుగంట విచారణ. ఏకైక సాక్షి మా అమ్మ. "ఊదితే ఊదాడులెండి అల్లుడుగారూ, చిన్నపిల్లాడు" అంది. వాంగ్మూలం అస్పష్టంగా ఉందని తోసిపుచ్చారు. పునఃప్రయోగానికి ఆదేశించారు. ఈసారి ఫ్యాను ఆపించి మరీ.

ఇంతసేపూ మా అక్క వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తోంది. ఆటలో ఆమెకూ నాలుగు కాయలున్నాయి సుమా. "నా పందెం నువ్వెయ్యరా" అని అక్కణ్నుంచే కేకేస్తుంది. నేను వేస్తాను. బావగారు ఆ కాయను చంపేసి, "ఏమోయ్, నీ కాయ పోయింది! ఇంకో వాయి తెస్తావా?" అని ఒకే గుక్కలో అడుగుతారు. ఎవర్నో ఒకర్ని చంపితే గానీ లోపలి గళ్లలోకి రానివ్వరు ఈ ఆటలో. మూకుడు ముందు నిలబడ్డ మనిషి ఎవర్ని చంపుతుంది? (చంపదగ్గవాళ్లు ఉన్నారు, అది వేరే మాట.)

ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు. ఆదివారం ఆవిడకు మాత్రం ఆదివారం కాదా? ఆరు రోజులు మీ అందరి టిఫిన్లూ క్యారేజీలూ చూసిన మనిషిని ఏడో రోజు కూడా పొయ్యి దగ్గరే నిలబెట్టి, షీటులో ఆమె పేరు పక్కన 'హాజరు' అని టిక్కు పెట్టడానికి చెయ్యెలా వచ్చింది? పైగా దానికి పేరు కుటుంబం! సిగ్గుండాలి. నాక్కూడా ఉండాలి, ఆ బజ్జీల్లో ఆరు నేనే తిన్నాను.

తొమ్మిదికి అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది. గవ్వలు గుప్పిట్లో గలగలలాడించి వేసింది. నాలుగూ వెల్లకిలా. చెమ్మా!

"టైమైపోయిందోయ్, ఇది లెక్కలోకి రాదు" అన్నారు బావగారు, షీటు మూసేస్తూ.

ఇందాకే గ్రూపులో వచ్చే ఆదివారం అజెండా వచ్చింది. ఆట: పులిజూదం. స్నాక్స్: పునుగులు, అల్లం చట్నీ. పులులు ఆయనవట.