మా బావ ఫోనులో కాపురముంటున్న పోర్ట్‌ఫోలియో గారికి

అయ్యా,

తమరంటే బావ కొన్న షేర్లూ ఫండ్లూ అన్నీ కలిపిన చిట్టా కదా, వచ్చిన కొత్తలో నెలనెలా రెండు వేలు ఫండ్‌లో వేసే సిప్ ఒక్కటే. ఇప్పుడు స్క్రీను పైకి తోసి తోసి బొటనవేలు నొప్పెడుతుంది గానీ తమరు మాత్రం పూర్తవరు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ బావ చెప్పేది ఒకటే మాట, "మనది డైవర్సిఫైడ్ రా" అని, అంటే డబ్బంతా ఒకేచోట పెట్టకుండా రకరకాల చోట్ల పంచాడట. పలాస మొత్తమ్మీద ఆ మాటని అంత గర్వంగా పలికే జీడిపప్పు వ్యాపారి ఇంకొకడు ఉండడు.

సరే, తమరి లోపల ఎవరెవరున్నారో చూద్దాం. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్లు, అంటే నిఫ్టీ అనే జాబితాలో (ఇండెక్స్‌లో) ఉన్న యాభై పెద్ద కంపెనీల షేర్లని అవే పాళ్లలో కొనే ఫండ్లు, మూడు, మూడూ వేర్వేరు ఫండ్ కంపెనీలవి. "ఏటి బావా ఇది, మూడిట్లోనూ అవే యాభై షేర్లు, అవే పాళ్లు కదా" అంటే, "ఒక ఫండ్ కంపెనీ మునిగితే ఇంకోటి ఉంటాది, నీకు తెల్దు" అన్నాడు. ఫండ్‌లోని షేర్లు ట్రస్టు కింద, వాటిని భద్రపరిచే కస్టోడియన్ దగ్గర విడిగా ఉంటాయనీ, ఇండెక్స్ ఫండ్‌లో చూడాల్సింది ఖర్చు ఎంత తక్కువ, ఇండెక్స్‌ని ఎంత దగ్గరగా అంటిపెట్టుకుంది అన్నవేననీ చెప్పబోయాను, ఈలోగా కొత్త ఫండ్ యూనిట్, అంటే అందులో ఒక వాటా, పది రూపాయలకే వస్తోందని మెసేజ్ వచ్చింది, అదీ కొన్నాడు. పది రూపాయల యూనిటైనా రెండొందల యూనిటైనా లోపలి షేర్లు పది శాతం పెరిగితే రెండూ పెరిగేది పది శాతమే. జీడిపిక్కల బస్తా దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడే మనిషి మరి!

వాటి పక్కనే ఒక సెన్సెక్స్ ఫండ్, అదీ అలాంటి ఇంకో జాబితాదే. అందులోని ముప్ఫై మందీ దాదాపుగా నిఫ్టీ వాళ్లే. ఆపైన విడిగా హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, రిలయన్స్, ఐసీఐసీఐ బ్యాంకు షేర్లు. నిఫ్టీలో పెద్ద వాటాలెవరివంటే ఈ ముగ్గురివే, అంటే వీళ్లు తమరింట్లోకి ఒక్కొక్కరూ ఐదేసి గుమ్మాల్లోంచి వచ్చి కూర్చున్నారు, బావేమో ఐదుసార్లూ కొత్త చుట్టాలనుకుని కుర్చీ వేశాడు.

ఉద్దానంలో ఉంటూ మా బావ ఇలా చెయ్యడమే నాకు మింగుడుపడదు. ఇక్కడి తోటల్లో కొబ్బరి ఉండేది, దాని పక్కన జీడి, మధ్యలో పనస, చూసినవాళ్లెవరైనా ఇంతకన్నా డైవర్సిఫైడ్ ఏముంటుంది అనే అనుకుంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరి మీద ఒక గాలీ, జీడి మీద ఇంకో గాలీ వీచలేదు కదా. 2020లోనూ అంతే, జనవరిలో 12,400 పాయింట్ల దాకా వెళ్లిన నిఫ్టీ మార్చి 23 నాటికి 7,610కి దిగినప్పుడు, ఎవరి ఫండ్ ఏ కంపెనీది అని మార్కెట్ అడగలేదు. పేర్లు ఎన్ని ఉన్నాయని కాదు బావా, ఒక్క గాలికి ఎన్ని పడతాయన్నది లెక్క.

ఇక తమరి అడుగున ఉన్న బాపతు గురించి. ఐదు రూపాయల షేర్లు, ఎవరో గ్రూపులో పెట్టిన టిప్పులు. పిక్కల లాటు కొనే ముందు నాలుగు పిక్కలు కోసి పప్పు చూడకుండా అడ్వాన్సివ్వడు మా బావ, వీటికి మాత్రం కంపెనీ ఏం తయారుచేస్తుందో కూడా చూడలేదు. రోజూ లోయర్ సర్క్యూటే, అంటే ఒక రోజులో పడనిచ్చినంతా పడడమే, అమ్ముదామంటే కొనేవాడు లేడు. అందుకని వాటికి "లాంగ్ టర్మ్" అని పేరు పెట్టాడు. లాభం వచ్చినవాటిని మూడు వారాల్లో అమ్మేసి, ఏడాది నిండలేదు కాబట్టి 20 శాతం పన్ను కడతాడు. నష్టం వచ్చినవి తరతరాలకీ దాస్తాడు.

ఇండెక్స్‌కి ఇంత మమకారం లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు అబద్ధమని ఆ కంపెనీ ఛైర్మనే ఉత్తరం రాస్తే 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజే 40కి పడింది. నిఫ్టీ, సెన్సెక్స్ రెండూ దాన్ని బయటికి పంపి ఇంకో కంపెనీని తెచ్చుకున్నాయి. మన తెలుగువాడి కంపెనీ అని ఉన్నదంతా అందులోనే పెట్టినవాళ్లకి ఆ సౌకర్యం లేకపోయింది. విడి షేర్లు కొనకూడదని నేననను, చదివి కొన్నవైతే పదిలో ఒక వంతు ఉండనివ్వండి, సరదా తీరుతుంది. మిగతాది ఒక్క నిఫ్టీ ఫండ్, తోడుకి కావాలంటే నిఫ్టీ తర్వాతి యాభై కంపెనీలుండే నెక్స్ట్ 50, ఇంకొంత అసలు షేర్లతో సంబంధమే లేని చోట.

ఆ ఆఖరిది మా అప్ప, అంటే బావ భార్య, ఎప్పుడో చేసింది. పోస్టాఫీసులో పీపీఎఫ్ అనే సర్కారు పొదుపు ఖాతాలో కడుతోంది, 2020 ఏప్రిల్ నుంచీ 7.1 శాతమే ఇస్తున్నారని బావ నవ్వుతాడు. ఆ ఇంట్లో వేరే గాలికి నిలబడేది అదొక్కటే.

ఒక్క విన్నపం. తమరి సెట్టింగుల్లో నామినీ అని ఒక గడి ఉంది, ఖాళీగా ఉంది. కొత్త ఫండ్ కొనేటప్పుడు బావకి ఒకసారి అది కూడా చూపించండి. మా అప్పకి తమరి పాస్‌వర్డు తెలీదు, ఏ బ్రోకరో తెలీదు. పీపీఎఫ్ పుస్తకంలో నామినీగా బావ పేరు మాత్రం మొదటిరోజే రాయించింది.

ఇట్లు,
బావమరిది,
కాశీబుగ్గ