సవరణ: 2020లో మైనస్‌కి పడింది ఏ క్రూడ్ (ముడి చమురు) ధర?

మొన్నటి పోస్టులో “2020 ఏప్రిల్‌లో క్రూడ్ మైనస్‌కి పడింది, మన మల్కాపురం (విశాఖ) రిఫైనరీకి ఊరికే వచ్చినట్టే” అన్న వాక్యాన్ని తీసేశాను. ఏప్రిల్ 20న బ్యారెల్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది అమెరికా క్రూడ్ రకం డబ్ల్యూటీఐ మే నెల ఫ్యూచర్స్ కాంట్రాక్టు (ముందే ధర కుదుర్చుకుని తర్వాత సరుకు తీసుకునే ఒప్పందం) ఒక్కటే. మర్నాడే ఆ కాంట్రాక్టుకి గడువు. సరుకు దించుకోవాల్సింది ఓక్లహోమాలోని కుషింగ్‌లో. అక్కడ ట్యాంకుల్లో జాగా దొరకడం లేదు. దాంతో కొన్నవాళ్లే ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. ఉత్తర సముద్రపు క్రూడ్ బ్రెంట్ ఆ రోజూ 25 డాలర్ల పైనే ఉంది. మన దేశం లెక్క చూసుకునేది ఒమన్, దుబాయ్, బ్రెంట్ ధరలతో.

అలాగని విశాఖకి ఏమీ దక్కలేదనీ కాదు. దేశపు అత్యవసర నిల్వ కోసం తవ్విన, 13.3 లక్షల టన్నులు పట్టే ఇక్కడి భూగర్భ రాతి గుహల్ని ఆ ఏప్రిల్, మే నెలల్లోనే చవక క్రూడ్‌తో నిండుగా నింపారు. బంకు దగ్గర మనకా? మేలో కేంద్రం లీటరు పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు సుంకం పెంచింది. తగ్గిందంతా అందులోకే పోయింది.