ముందు ఎర్తింగా, ముందు వైసా?

ఊరు చీరాల, సముద్రపు గాలి తగిలే చోటు. ఇంటి పక్కనే 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున్న కారు షెడ్డు, పైన పాత సిమెంటు రేకు. అందులో సొంత వర్క్‌షాపు పెట్టాలి. బైకు సర్వీసింగు, గేటు గ్రిల్లు వెల్డింగు, అడపాదడపా చెక్కపని చేసుకోవడానికి. గోడలోకీ నేలలోకీ పోయే పనులన్నీ తెమిలాకే మిషన్లు కొనాలని బావ పట్టు. పని మొదలెడితే ఏం కావాలో ఆ పనే చెబుతుందని బామ్మర్ది పట్టు.

బామ్మర్ది: బావా, గోడలున్నాయి, రేకుంది, ప్లగ్గు కూడా ఒకటుంది. రేపు నాలుగంగుళాల గ్రైండరు, డ్రిల్లు, 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను తెచ్చుకుంటే ఎల్లుండికి గేటు బాగైపోతుంది. నువ్వేమో ఎలక్ట్రీషియన్ని పిలు, గొయ్యి తవ్వు అంటావు.

బావ: ఆ ఒక్క ప్లగ్గు సంగతే చూద్దాం. అది లైట్ల లైన్లోంచి లాగింది. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, 6 ఆంప్స్ సాకెట్టు. నీ మిషను 200 ఆంప్స్ ఇచ్చేటప్పుడు వెల్డింగ్ రాడ్డుకీ ఇనుముకీ మధ్య వెలిగే ఆర్క్ దగ్గర 28 వోల్టులుంటుంది. అంటే 5.6 కిలోవాట్లు బయటికే వస్తోంది. మిషన్లో పోయే నష్టం, పవర్ ఫ్యాక్టరు కలిపితే 230 వోల్టుల మీద 35 ఆంప్స్ దాటి లాగుతుంది. ఆ వైరు ఏమవుతుందో నువ్వే చెప్పు.

బామ్మర్ది: 200 మీద పెట్టి ఇంట్లో ఎవరు వెల్డింగ్ చేస్తారు? గ్రిల్లుకి 2.5 ఎంఎం రాడ్డు చాలు, దానికి 70 నుంచి 90 ఆంప్స్. 80 దగ్గర ఆర్క్ వోల్టేజి 23, రెండు కిలోవాట్లు కూడా లేదు. గోడ నుంచి లాగేది 13, 14 ఆంప్స్. 16 ఆంప్స్ సాకెట్టు ఒకటి, బోర్డు నుంచి విడిగా 2.5 స్క్వేర్ వైరు. పీవీసీ కేసింగులో గోడ మీదుగా తెచ్చుకోవచ్చు, పూటలో అయ్యే పని.

బావ: గ్రిల్లుకి సరే. గేటు బందు 8 ఎంఎం పట్టీకి అతకాలంటే 3.15 రాడ్డు కావాలి, 120 ఆంప్స్ దాకా పెట్టాలి. అప్పుడు గోడ నుంచి 20 దాటుతుంది. ఎలాగూ వైరు లాగుతున్నప్పుడు వెల్డింగుకి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, కరెంటు మించితే దానంతటదే పడిపోయే 25 ఆంప్స్ సీ టైపు ఎంసీబీ, చివర ఇండస్ట్రియల్ సాకెట్టు పెట్టించు. బీ టైపు వద్దు. అది తన రేటింగుకి మూడు నుంచి ఐదు రెట్లకే పడిపోతుంది, మోటారు స్టార్టయ్యే ప్రతిసారీ లేచి వెళ్లి ఎత్తాలి. సీ టైపు ఐదు నుంచి పది రెట్ల మధ్య పడుతుంది.

బామ్మర్ది: వైరు ఒప్పుకుంటున్నా. ఎర్తింగ్ గొయ్యి దేనికి? గ్రైండరూ డ్రిల్లూ డబుల్ ఇన్సులేషన్‌వి, వాటి ప్లగ్గుకి ఎర్త్ పిన్నే ఉండదు.

బావ: వెల్డింగ్ మిషనుకి ఉంటుంది, బెంచ్ గ్రైండరుకి ఉంటుంది, రేపు కంప్రెసరు కొంటే దానికీ ఉంటుంది. పైగా ఇంటికి ఎర్త్ ఉందనుకుంటాం గానీ చాలా ఇళ్లలో ఆ వైరుని సాకెట్టు వెనకే న్యూట్రల్‌కి కలిపేసి వదిలేస్తారు. అదే నిజమై న్యూట్రల్ ఎక్కడో తెగిందంటే, మిషను బాడీకి నేరుగా కరెంటే. జింకు పూత ఉండే జీఐ పైపు రెండున్నర మీటర్లు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోయించి, మీటరుతో కొలిపించాలి. నిరోధం 5 ఓముల లోపు రావాలి.

బామ్మర్ది: 5 ఓములు వచ్చిందే అనుకో. 230 వోల్టులకి 46 ఆంప్స్ పారుతుంది. నువ్వు చెప్పిన 25 ఆంప్స్ సీ టైపు వెంటనే పడాలంటే కనీసం 125 కావాలిగా! ఎర్త్ ఉన్నా బాడీ మీద కరెంటు అలాగే కూర్చుంటుంది. ఉప్పూ బొగ్గూ పోసి ఏం లాభం?

బావ: లెక్క సరిగ్గా పట్టావు. అందుకే కరెంటు లీకైతే లైను తెంచేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాల్సిందే.

బామ్మర్ది: అయితే అదొక్కటీ చాలు. ఇంటి మెయిన్ బోర్డులో అరగంట పని.

బావ: ఆర్‌సీసీబీ పడాలంటే లీకైన కరెంటు నేలలోకి పోవడానికి దారుండాలి. ఎర్త్ లేని చోట ఆ దారి నువ్వే. నువ్వు ముట్టుకున్నాక పడుతుంది, ఎర్త్ ఉంటే ముట్టుకోకముందే పడుతుంది. రెండూ కావాలి, ఇందులో బేరం లేదు.

బామ్మర్ది: సరే, గొయ్యి తవ్విద్దాం. వెల్డింగ్ సాకెట్టు ఎక్కడ పెట్టిస్తావు?

బావ: వెనక గోడకి, బల్ల పక్కన. వైర్లన్నీ ఒకేచోట ఉంటాయి.

బామ్మర్ది: చూశావా, పని చెయ్యకుండా గీసిన ప్లానంటే ఇదే. బల్ల దగ్గర చిత్రిక పట్టిన పొట్టు, రంపప్పొడి ఉంటాయి. నిప్పురవ్వ అందులో పడితే అప్పుడే మంట రాదు, లోపల్లోపల రాజుకుని గంట తర్వాత లేస్తుంది. పైగా గేటు ఆరడుగులుంటుంది, పదడుగుల షెడ్డులో అడ్డంగా తిప్పలేవు. జీఐ పైపు అతికితే జింకు పొగ వస్తుంది, లోపల అది పీల్చినవాడికి సాయంత్రానికి చలిజ్వరమే. వెల్డింగ్ జరిగేది షట్టరు బయట వాకిట్లో. సాకెట్టు షట్టరు పక్క గోడకి, నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఉండాలి. నీ లెక్కన వెనక పెట్టిస్తే 18 అడుగుల ఎక్స్‌టెన్షన్ వైరు నేల మీద పాకుతుంది. దాని మీదే కాలు వేస్తాం, దాని మీదే నిప్పురవ్వలు పడతాయి.

బావ: ఆ మాట నిజమే. షట్టరు పక్కకే మారుస్తా. రోడ్డువైపు మాత్రం ఓ రేకు అడ్డం పెట్టు, ఎదురింటి పిల్లలు ఆ వెలుగు చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. రాడ్ల పెట్టె విప్పాక మూత గట్టి డబ్బాలోకి మార్చు. ఈ ఊరి గాలికి 6013 రకం రాడ్డు పూత కూడా చెమ్మ పీలుస్తుంది, చిటపటలు ఎక్కువై అతుకులో బొక్కలొస్తాయి.

బామ్మర్ది: ఇక వైసు, ముక్కని దవడల మధ్య బిగించి పట్టేది. షెడ్డులో ముందు అడుగుపెట్టాల్సింది అదే అంటాను. అయిదంగుళాల బెంచ్ వైసు లేకపోతే హాక్సా కొయ్యలేవు, ఆకురాయి పట్టలేవు, డ్రిల్లు వేసేటప్పుడు ముక్క తిరిగి వేలు తెగుతుంది. గ్రైండరు లేకుండా వైసుతో నెట్టుకురావచ్చు గానీ, వైసు లేకుండా గ్రైండరు పట్టుకోవడం ప్రమాదం.

బావ: వైసు మీద గొడవ లేదు, బల్ల మీదే గొడవ. 50 ఎంఎం యాంగిలుతో కాళ్లు, 10 ఎంఎం యాంకర్ బోల్టులతో నేలకి బిగింపు. పైన, వంటింటి గట్టు చెయ్యగా మిగిలిన కడప బండ ఉంది, అది పరిచేద్దాం.

బామ్మర్ది: బండ మీద సుత్తి దెబ్బ పడితే నిలువునా పగులుతుంది, వైసు బోల్టులకి బొక్కలు వేసిన చోట ముందు పగులుతుంది. 18 ఎంఎం ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, అంచుకి యాంగిలు తొడిగితే ఏళ్లు పనిచేస్తుంది. నేలకి ఇప్పుడే బిగించొద్దు. ముందు వాడి చూద్దాం, వెలుతురు ఎటు కావాలో, పొడవాటి పైపు ఎటు పొడుచుకొస్తుందో తెలిశాక బిగిద్దాం.

బావ: బిగించని బల్ల మీద హాక్సా ఆడిస్తే బల్ల నీతోపాటు నడుస్తుంది.

బామ్మర్ది: కింద అర పెట్టి రెండు వరసల ఇటుకలు పేర్చు, కదలదు. ఎత్తు మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి. నిలబడి చెయ్యి మడిస్తే మోచెయ్యి ఎక్కడుంటుందో వైసు దవడల పైభాగం అక్కడుండాలి. అంతకంటే కిందుంటే ఆకురాయి పట్టినంతసేపూ నడుం వంగుతుంది. వైసు వెనక దవడ బల్ల అంచు దాటి కాస్త ముందుకి రావాలి, లేకపోతే పొడవాటి పట్టీని నిలువుగా బిగించలేవు. చాలామంది వైసుని లోపలికి జరిపి బిగిస్తారు, ఆ తర్వాత బల్ల అంచునే కోసుకుంటారు.

బావ: డ్రిల్లు మాటకొస్తే, స్టాండు డ్రిల్లు కొను. చేతి డ్రిల్లు ఫుల్ స్పీడులో నిమిషానికి 2,800 చుట్ల దాకా తిరుగుతుంది. మామూలు ఇనుములో హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు) బిట్టుతో 10 ఎంఎం బొక్కకి 800 చుట్లు చాలు. వేగం ఎక్కువైతే బిట్టు మొన నీలమెక్కి మెత్తబడుతుంది, ఆపైన అది కొయ్యదు, రుద్దుతుందంతే.

బామ్మర్ది: ట్రిగ్గరుతో వేగం తగ్గించుకోవచ్చు. సెంటర్ పంచ్ కొట్టి, ముందు 4 ఎంఎం బొక్క వేసి, తర్వాత 10 వేస్తే బలం కూడా అంత పట్టదు. నెలకి రెండు బొక్కలకి స్టాండు డ్రిల్లెందుకు? షెడ్డులో మూడడుగులు తినేస్తుంది.

బావ: నెలకి రెండే అయితే వద్దులే. గ్రైండరు గార్డు మాత్రం విప్పితే ఊరుకోను. 100 ఎంఎం వీలు నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకి 57 మీటర్లు దాటుతుంది. గార్డు విప్పి అయిదంగుళాల వీలు ఎక్కిస్తే 72కి పోతుంది. వీలు మధ్యలోని రేకు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అది చూసి కొను. చెక్క కోసే పళ్ల బ్లేడు దానికి తగిలించే పద్ధతి మన దగ్గర బాగా పాకింది. చెక్కలో పట్టిందంటే గ్రైండరు ఎగిరి తొడ మీదికే వస్తుంది.

బామ్మర్ది: అందులో నేనూ నీ పక్షమే. పానాలు మాత్రం పెద్ద సెట్టు కొననివ్వను. మన బైకులకి 8, 10, 12, 14, 17, 19 ఉంటే చాలా పని నడుస్తుంది. 108 ముక్కల పెట్టె కొంటే వాడని తొంభై ముక్కలు ఈ ఉప్పుగాలికి తుప్పుపడతాయి. ఆ డబ్బుతో మంచి రింగు పానాలు, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు ఒకటి. జపాన్ డిజైను బైకుల మీద ప్లస్ స్క్రూలు మామూలు ప్లస్సులా కనబడతాయి గానీ గాడి వేరు, మామూలు స్క్రూడ్రైవరు పైకి జారి తల అరగదీస్తుంది.

బావ: నేలలో చిన్న గుంత తీయిద్దామనుకుంటున్నా, కారు కింద ఆయిలు మార్చడానికి.

బామ్మర్ది: గుంతా? రెండు కారణాలకి వద్దు. ఈ ఇసక నేలలో వానాకాలం నీళ్లు ఊరతాయి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, గుంతలోకి దిగి అక్కడే నిలుస్తుంది, నీ లైటు స్విచ్చు చాలు. ఎత్తిన కారుని మోసే యాక్సిల్ స్టాండ్లు ఒక జత కొను. జాకీ ఎత్తడానికే, కిందికి దూరడానికి కాదు. చక్రాలకి అడ్డం పెట్టి, స్టాండ్ల మీద దించి, కారుని ఒకసారి ఊపి చూసి అప్పుడు దూరాలి. పాత ఆయిలు డ్రైనేజీలో పొయ్యకుండా డబ్బాలో పట్టి రీసైక్లింగుకి తీసుకునేవాళ్లకివ్వు.

బావ: సరే, గుంత మానేస్తా. లైట్లకి నా లెక్క వినాలి. షెడ్డు దాదాపు 17 చదరపు మీటర్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు 2,000 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది, సగం గోడలే తినేస్తాయి. ఆరు ట్యూబులైతే 350 లక్స్, అంటే చదరపు మీటరుకి 350 ల్యూమెన్లు వస్తుంది. బల్ల మీదవి నీ వెనక కాదు, బల్ల ముందు అంచుకి నేరుగా పైన, లేకపోతే నీ నీడలోనే పని చేస్తావు.

బామ్మర్ది: ఆరూ పెట్టించు. రేకుకి మాత్రం బొక్కలు వెయ్యనివ్వకు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. రేకు మోసే పైపులకి క్లాంపులతో వేలాడదీయించు. ఇక కంప్రెసరు. ఆటోనగర్లో సెకండ్‌హ్యాండుది ఒకటి చూద్దాం, 2 హెచ్‌పీ.

బావ: ఇప్పుడు నువ్వే మిషను ముందంటున్నావు! ట్యాంకు లోపల తుప్పు బయటికి కనబడదు, నీళ్లు నింపి ఒత్తిడికి ఆగుతుందో చూసే హైడ్రో టెస్టు కాగితం లేని పాత ట్యాంకుని ఇంటికి తేవడమెందుకు? 2 హెచ్‌పీ అంటే 1,500 వాట్లు, నడిచేటప్పుడు తొమ్మిది, పది ఆంప్స్. స్టార్టింగులో దానికి అయిదారు రెట్లు. మే నెల సాయంత్రం వోల్టేజి తగ్గితే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు, వైండింగ్ కాలుతుంది. రెండు టైర్లకి గాలి కొట్టడానికి కాలిపంపు చాలదా?

బామ్మర్ది: గాలి ఒక్కటే కాదు బావా, గేటుకి రంగు కొట్టాలి. బ్రష్షుతో గ్రిల్లు సందులు తెమలవు.

బావ: రంగుకి స్ప్రే గన్ను అద్దెకి తెచ్చుకో. కొనాలనే ఉంటే కొత్తది కొను, సేఫ్టీ వాల్వు పనిచేస్తోందో చూసుకో, వాడిన ప్రతిరోజూ అడుగు కుళాయి విప్పి నీళ్లు దించు. ఇంకో మాట. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, ఇది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు. గ్రైండరూ కంప్రెసరూ ఆ హద్దుల్లో ఇమిడేవి కావు.

బామ్మర్ది: ఆదివారం పగలు పదింటి నుంచి ఒంటిగంట దాకా కొడతా, ఎదురింటివాళ్లకి ముందే చెప్పి. కంప్రెసరు కొత్తదే, అయితే నీ వైరింగు అయ్యాకే. ఈలోపు పక్కింటి గోడకి ఆనకుండా దాన్ని ఎక్కడ పెట్టాలో చూడు, కింద రబ్బరు దిమ్మెలు వేస్తే సగం అదురు అక్కడే పోతుంది.

బావ: సగం పోతుందో లేదో ఆ గోడ అవతలివాళ్లని అడిగి చెప్పు.