పులిహోర, పసుపు చొక్కా

(జులై నెల. ఫ్రాన్స్‌లో పిరనీస్ కొండల కింద సాంత్ మరీ ద కాంపాన్ అనే చిన్న ఊరు. తులూజ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చిన ప్రసాదరావు, అనసూయ టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం చూద్దామని రోడ్డు పక్కన మడత కుర్చీల్లో కూర్చున్నారు. కొడుకూ కోడలూ ఇంకా మంచి చోటు చూసొస్తామని పైకెళ్ళి అయిపూ అజా లేరు.)

అనసూయ: ఏమండీ, పొద్దున్నే తెచ్చి కూర్చోబెట్టారు. ఒంటిగంట దాటింది. సైకిలు కాదు కదా, సైకిలు బెల్లయినా వినపడలేదు.

ప్రసాదరావు: ఏమనుకున్నావు మరి? 21 స్టేజీల పందెం. మూడు వేల కిలోమీటర్ల పైమాట. కాస్త ఓపిక పట్టు.

అనసూయ: ఇవాళ ఎవరు ముందొస్తే వాళ్ళు గెలిచినట్టేనా?

ప్రసాదరావు: అబ్బే! అది ఇవాళ్టి స్టేజీ వరకే. అన్ని స్టేజీల టైమూ కూడి, మొత్తమ్మీద ఎవరికి తక్కువ పడితే వాడిదే టూరు. 1990లో గ్రెగ్ లెమాండ్ అని అమెరికావాడు ఒక్క స్టేజీలోనూ ఫస్టు రాలేదు. టూరు మాత్రం కొట్టేశాడు.

అనసూయ: అచ్చం మీ తమ్ముడిలా. ఒక్కనాడు పొలం గట్టెక్కిన పాపాన పోలేదు, కాలవ పక్క రెండెకరాలూ ఎగరేసుకుపోయాడు.

ప్రసాదరావు: ఫ్రాన్స్ వచ్చినా ఆ రెండెకరాలేనా!

అనసూయ: ఫ్రాన్స్ వస్తే పొలం తిరిగొస్తుందా? సరే చెప్పండి, మండుటెండలో మనుషుల్ని ఇట్లా తొక్కించాలన్న బుద్ధి ఎవరికి పుట్టింది?

ప్రసాదరావు: (హుషారుగా కుర్చీ ముందుకు జరుపుకుని) 1903. లోటో అని ఓ క్రీడల పేపరు. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. పోటీ పేపరు ల వెలో దెబ్బకి అమ్మకాల్లేక అల్లాడుతున్నాడు. దేశం చుట్టూ సైకిల్ పందెం పెడదామని ఆఫీసులో కుర్ర విలేకరి జియో లెఫెవ్ర్ సలహా ఇచ్చాడు. పెట్టారు. లోటో అమ్మకాలు ఎక్కడికో వెళ్ళిపోయాయి, మరుసటేడే ల వెలో మూతపడింది.

అనసూయ: పేపరమ్ముకోడానికా! మీరేమో వారం నుంచీ తపస్సు తపస్సంటున్నారు.

ప్రసాదరావు: తపస్సే మరి! ఆ మొదటి పందెంలో ఆరే స్టేజీలు, 2,428 కిలోమీటర్లు. నాలుగు స్టేజీలు నాలుగొందల కిలోమీటర్లు దాటినవే. రాత్రిళ్ళు కూడా తొక్కాలి. 60 మంది బయల్దేరితే చివరిదాకా తొక్కింది 21 మంది. గెలిచిన మారిస్ గారిన్ చిన్నప్పుడు పొగగొట్టాలు దులిపి బతికినవాడు. రెండోవాడికన్నా దాదాపు మూడు గంటలు ముందు! అంత తేడాతో మళ్ళీ ఎవరూ గెలవలేదు.

అనసూయ: మరుసటేడూ వాడేనా?

ప్రసాదరావు: (గొంతు తగ్గించి) ముందొచ్చాడు... కానీ పేరు కొట్టేశారు.

అనసూయ: ఏం చేశాడు?

ప్రసాదరావు: ఆ ఏడు అంతా గందరగోళం. రైలెక్కారని, కార్ల సాయం తీసుకున్నారని ఫిర్యాదులు. జనం రోడ్డు మీద మేకులు కూడా చల్లారు. రేసయిన నాలుగు నెలలకి మొదటి నలుగుర్నీ తీసేసి, అయిదోవాడు ఆన్రీ కోర్నేకి ఇచ్చారు. 19 ఏళ్ళ కుర్రాడు. అంత చిన్న వయసులో గెలిచినవాడు ఇప్పటిదాకా లేడు.

అనసూయ: సైకిల్ పందేనికొచ్చి రైలెక్కడమా! టికెట్టు కొన్నారా?

ప్రసాదరావు: అది ఎక్కడా రాయలేదు.

అనసూయ: అసలు సంగతి ఎప్పుడూ రాయరు.

ప్రసాదరావు: అది వదిలెయ్. నువ్వు కూర్చున్న ఈ ఊరి కథ తెలుసా? 1913. యూజీన్ క్రిస్టోఫ్. పైన టూర్మలే కనుమ దాటి దిగుతుంటే సైకిలు ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజానేసుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచి ఇక్కడికొచ్చాడు.

అనసూయ: అయ్యో రాత! ఇంకో సైకిలివ్వకూడదూ?

ప్రసాదరావు: రూలొప్పుకోదు. ఏదైనా తనే బాగుచేసుకోవాలి, ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. ఇక్కడి కమ్మరి కొలిమిలో తనే ఇనుము కాల్చి, కొట్టి అతికించుకున్నాడు. రేసు అధికారి పక్కనే కాపలా. ఉన్నవి రెండు చేతులే కదా, తిత్తి ఊదడానికి ఓ పిల్లాణ్ణి పెట్టుకున్నాడు. అంతే! బయటి సాయం అని పది నిమిషాలు పెనాల్టీ.

అనసూయ: వాడి మొహం మండ!

ప్రసాదరావు: తర్వాత మూడు నిమిషాలకి తగ్గించార్లే.

అనసూయ: ఆ అధికారికి కాస్త భోజనం పెట్టి ఓ మూల కూర్చోబెడితే చూసీ చూడనట్టు పోయేవాడు. ఆ తెలివి మీ మగాళ్ళకెక్కడిది? ఇంతకీ ఆ ఏడు గెలిచిందెవరు?

ప్రసాదరావు: ఫిలిప్ తీస్, బెల్జియం. ఇక్కడ ఫలకం ఉన్నది మాత్రం క్రిస్టోఫ్ కొలిమికే.

అనసూయ: గెలిచినాయనకి లేదా?

ప్రసాదరావు: ఆయన సైకిలు ఇక్కడ విరగలేదుగా. 1919లో ముందున్నవాణ్ణి జనం గుర్తుపట్టాలని పసుపు చొక్కా పెట్టారు. లోటో పసుపు కాగితం మీద అచ్చయ్యేది, అందుకని ఆ రంగంటారు. మొట్టమొదట అది తొడిగింది క్రిస్టోఫ్‌కే. గెలుస్తాడనుకుంటుండగా మళ్ళీ ఫోర్కు విరిగింది.

అనసూయ: మళ్ళీనా! ఆ ఫోర్కు అమ్మినవాణ్ణి నిలదీయలేకపోయాడా?

ప్రసాదరావు: టూరు ఎప్పటికీ గెలవలేదు పాపం. ఇందాక గారిన్ గెలిచిన తేడా చెప్పానుగా, ఇప్పుడు 1989 విను. ఆఖరి రోజుకి లెమాండ్ 50 సెకన్లు వెనకున్నాడు. వెర్సాయ్ నుంచి ప్యారిస్ 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరే తొక్కాలి. చివరికి ఫ్రాన్స్ వాడు ఫిన్యోన్ మీద 8 సెకన్లతో గెలిచాడు! టూరు చరిత్రలో ఇంతకన్నా తక్కువ తేడా లేదు.

అనసూయ: ఉంది.

ప్రసాదరావు: లేదు.

అనసూయ: ఉందంటున్నాగా. 2024, ఆడవాళ్ళ టూరు. పోలండ్ అమ్మాయి కాశా నియెవియదోమా. 4 సెకన్లు.

ప్రసాదరావు: నీకెవరు చెప్పారు?

అనసూయ: కోడలు. రాత్రి గిన్నెలు సర్దుతూ. ఆల్ప్ దుయెజ్ కొండ మీద ఆఖరి స్టేజీ గెలిచింది డచ్చి అమ్మాయి వోలరింగ్, టూరు మాత్రం నాలుగు సెకన్లలో చెయ్యి జారింది. మీ పుస్తకంలో ఆడవాళ్ళు లేరు కాబోలు.

ప్రసాదరావు: నేను చెప్పేది మగాళ్ళ టూరు.

అనసూయ: ఆ ముక్క ఇప్పుడంటున్నారు.

(ప్రసాదరావు మాట్లాడకుండా పులిహోర డబ్బా అందుకుంటాడు. మూత బిగుసుకుపోయింది. మోకాళ్ళ మధ్య పెట్టి, తువ్వాలు చుట్టి, పళ్ళు బిగించి లాగుతాడు.)

ప్రసాదరావు: అనసూయా, ఓసారి ఇటు పట్టుకో.

అనసూయ: బయటి సాయం. పది నిమిషాలు.

(దూరంగా హారన్ల మోత. రంగురంగుల బళ్ళు పాటలు పెట్టుకుని ఊళ్ళోకొస్తాయి. వాటి మీదున్న పిల్లలు టోపీలు, బిస్కెట్లు, కీచెయిన్లు విసురుతున్నారు.)

అనసూయ: వచ్చేశారా?

ప్రసాదరావు: ఇవి ప్రకటనల బళ్ళు. 1930 నుంచీ రేసుకి ముందొస్తాయి.

అనసూయ: అంటే ఇప్పటికీ అమ్ముకోడమే!

(ఎర్రచుక్కల టోపీ ఒకటి గిర్రున వచ్చి ప్రసాదరావు మొహానికి తగులుతుంది. డబ్బా చేజారి కిందపడుతుంది. మూత ఊడుతుంది.)

ప్రసాదరావు: (అడుగున కాస్తే మిగిలిన పులిహోర చూసి) ఇది కొండల రాజు టోపీ. కొండలెక్కడంలో మేటికి 1975 నుంచీ ఈ చుక్కల చొక్కా ఇస్తున్నారు. ఔను, పులిహోర ఇంతేనా?

అనసూయ: అది తర్వాత. ఆ టోపీ ఇటివ్వండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ముగ్గురు పిల్లలు, ఇంకా రెండు కావాలి. అవతలి పక్క ఎక్కువ పడుతున్నాయి, రోడ్డు దాటి వెళ్ళండి.

ప్రసాదరావు: ఇప్పుడు దాటనివ్వరే! అదుగో, పోలీసాయన ఇటే చూస్తున్నాడు.

అనసూయ: ఆయనేమీ అనడు. ఇందాక మీరు ఫలకం చూడ్డానికెళ్ళినప్పుడు పులిహోర పెట్టాను.