అమ్మకాల లెక్కల్లో చిక్కుకుపోయిన వైట్ సాక్స్ అభిమానం

2024 సెప్టెంబర్ 27న డెట్రాయిట్‌లో చికాగో వైట్ సాక్స్ ఆ సీజన్‌లో 121వ మ్యాచ్ ఓడిపోయింది. 1901 నుంచి చూస్తే మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు ఓడిన జట్టు ఇంకోటి లేదు. అంతకుముందు ఆ రికార్డు 1962 నాటి న్యూయార్క్ మెట్స్ పేరు మీద ఉండేది, 120 ఓటములతో. కానీ మెట్స్‌కి అది పుట్టిన ఏడాది. వైట్ సాక్స్ అలా కాదు. అమెరికన్ లీగ్ మొదలైన నాటి నుంచీ ఉన్న జట్టు, 2005లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు, అన్నిటికన్నా ముఖ్యంగా 2021లో 93 మ్యాచ్‌లు గెలిచి తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు. మూడేళ్లలో 93 గెలుపులు 41కి పడిపోయాయి.

అప్పటి నుంచి అభిమానుల మధ్య నడుస్తున్న వాదనలన్నీ దాదాపు ఒకే దారిలో ఉన్నాయి. లూయిస్ రాబర్ట్ 2023లో 38 హోమ్‌రన్లు కొట్టినప్పుడే ట్రేడ్ చేసి (వేరే జట్టుకి ఇచ్చి బదులుగా కుర్రాళ్లను తెచ్చుకుని) ఉంటే ఎంత వచ్చేది? ఆండ్రూ బెనింటెండికి ఐదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరు తీసుకుంటారు? పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) గారెట్ క్రోషేకి బదులుగా బోస్టన్ ఇచ్చిన నలుగురు కుర్రాళ్లు సరిపోతారా? ప్రశ్నలు న్యాయమైనవే. అడిగేవాళ్లు ఆటను లోతుగా తెలిసినవాళ్లే. కానీ ఈ ప్రశ్నల్లో ఆటగాడు సరుకు అయిపోయాడు, అభిమాని జనరల్ మేనేజర్ పక్కన కూర్చుని లెక్కలు చూసే మనిషి అయిపోయాడు. దీని వల్ల యాజమాన్యానికి పెద్ద మేలు జరుగుతోంది. ‘ఎంతకు అమ్మాలి’ అని జనం కొట్టుకుంటున్నంతసేపు ‘అసలు ఎందుకు అమ్మాల్సి వస్తోంది’ అని అడిగే గొంతు వినపడదు.

ఈ అలవాటు 2016 డిసెంబర్‌లో మొదలైంది. ఆ నెలలో జట్టు తన అత్యుత్తమ పిచ్చర్ క్రిస్ సేల్‌ని బోస్టన్‌కి పంపి యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్‌లతో పాటు మరో ఇద్దరిని తెచ్చుకుంది. ఆ మర్నాడే ఆడమ్ ఈటన్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి లూకాస్ జియోలిటో సహా ముగ్గురు పిచ్చర్లను తీసుకుంది. 2017 జూలైలో హోసే కింటానాని పక్క వీధి ప్రత్యర్థి కబ్స్‌కి ఇచ్చి ఎలోయ్ హిమెనెజ్‌ని, డిలన్ సీస్‌ని తెచ్చింది. దీనికి పెట్టిన పేరు రీబిల్డ్. కొన్నేళ్లు ఓడిపోదాం, కుర్రాళ్లను పెంచుదాం, తర్వాత పదేళ్లు గెలుద్దాం అన్నారు. అభిమానులు ఒప్పుకున్నారు. 2018లో 100 మ్యాచ్‌లు ఓడినా ఓపిక పట్టారు. ఆ కుర్రాళ్లు ఆడే కింది స్థాయి మైనర్ లీగ్ స్కోర్లు రోజూ చూసుకుంటూ బతికారు.

ఆ పథకం పూర్తిగా విఫలమైందని అనడం తప్పు. 2019లో టిమ్ ఆండర్సన్ .335 బ్యాటింగ్ సగటుతో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. 2020లో హోసే అబ్రేయు ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. 2020, 2021లో వరసగా ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. ఆ జట్టు చరిత్రలో అలా వరసగా వెళ్లడం అదే మొదటిసారి. కుర్రాళ్లు వచ్చారు, ఆడారు, గెలిచారు. పడాల్సిన రెండో అడుగే పడలేదు.

2019 మొదట్లో మానీ మచాడో ఫ్రీ ఏజెంట్‌గా (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగల ఆటగాడిగా) ఉన్నప్పుడు వైట్ సాక్స్ గట్టిగానే ప్రయత్నించింది. చివరికి అతను శాన్ డియాగోతో పదేళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత వైట్ సాక్స్ ఖర్చు పెట్టలేదా అంటే పెట్టింది. 2022లో జీతాల బిల్లు ఆ క్లబ్ స్థాయికి చాలా ఎక్కువే. కానీ ఆ డబ్బు ఎటు పోయిందో చూడాలి. లియామ్ హెండ్రిక్స్‌కి 5.4 కోట్లు, కెండల్ గ్రేవ్‌మన్‌కి 2.4 కోట్లు, జో కెలీకి 1.7 కోట్లు. ముగ్గురూ మ్యాచ్ చివర్లో ఒక ఇన్నింగ్స్ వేసే రిలీవర్లు. ఏళ్ల తరబడి అభిమానులు ‘మాకు రైట్ ఫీల్డర్ లేడు’ అని మొత్తుకుంటుంటే ఆ స్థానంలో ఏటా ఒక చవక బేరం వచ్చి చేరింది. ఒక్కరు గాయపడితే ఆ స్థానంలో దింపడానికి మనిషి లేడు. హిమెనెజ్, రాబర్ట్, మొంకాడా ముగ్గురూ తరచూ గాయపడ్డారు. మొంకాడా 2024లో ఆడినవి 12 మ్యాచ్‌లు మాత్రమే. ఆ ఏడాది జట్టు మొదటి 25 మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడు.

అదే ఏడాది బయట జరిగినవి అభిమానులకు ఇంకా బాధ కలిగించాయి. జూలై 10 నుంచి ఆగస్టు 5 దాకా వైట్ సాక్స్ వరసగా 21 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఆ మధ్యలోనే, జూలై 25న, మార్చిలో తాము ట్రేడ్ చేసిన డిలన్ సీస్ శాన్ డియాగో తరఫున నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. ట్రేడ్ గడువులో డాడ్జర్స్‌కి పంపిన కోపెక్ అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఎప్పుడో 2016లో అమ్మేసిన క్రిస్ సేల్ అట్లాంటాలో నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు అందుకున్నాడు. సేల్‌కి బదులుగా వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జట్టును వదిలిపోతున్న ఏడాదిలోనే సేల్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌గా నిలిచాడు. ఆ ట్రేడ్‌ను 2017లో అందరూ మెచ్చుకున్నారు. కాగితం మీద లాభంగా కనిపించిన లెక్క మైదానంలో ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక క్రోషే విషయం. వాదనలన్నిటికీ కేంద్రం అదే, కాబట్టి కొంచెం వివరంగా చూడాలి. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2020లో, మొదటి రౌండ్‌లో జట్టు ఎంచుకున్న కుర్రాడు. 2022లో మోచేతి ఆపరేషన్ అయింది. కోలుకుని 2024లో మొదటిసారి స్టార్టింగ్ పిచ్చర్‌గా దిగి 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకవుట్ చేశాడు. తన జట్టు 121 ఓడిన ఏడాది ఆల్‌స్టార్‌గా నిలిచాడు. అప్పటికి వయసు 25. ఆ జూలైలో అభిమానులు రెండుగా చీలిపోయారు. ఇప్పుడే ట్రేడ్ చేయాలి, చేయి మళ్లీ దెబ్బతింటే ఏమీ రాదని ఒక వర్గం. డిసెంబర్ దాకా ఆగితే ఎక్కువ వస్తుందని ఇంకో వర్గం. జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్ ఆగాడు. డిసెంబర్‌లో బోస్టన్ నుంచి క్యాచర్ కైల్ టీల్, చేస్ మైడ్రాత్, బ్రేడెన్ మాంట్‌గోమరీ, విక్ల్‌మన్ గొంజాలెజ్ వచ్చారు. టీల్ 2025లో .273 కొట్టాడు, మైడ్రాత్ రోజువారీ ఆటగాడయ్యాడు. బేరంగా చూస్తే ఇది మంచి బేరం. గెట్జ్‌ని ఈ విషయంలో తప్పు పట్టను.

కానీ ఆ రెండు వర్గాల్లో ఎవరూ గట్టిగా అడగని మూడో దారి ఒకటుంది. క్రోషేని ఉంచుకోవడం. బోస్టన్ అతనితో 2025 సీజన్ మొదట్లోనే ఆరేళ్లకు 17 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆ సీజన్‌లో అతను 18 మ్యాచ్‌లు గెలిచి, 255 స్ట్రైకవుట్లు చేసి సై యంగ్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. వైట్ సాక్స్ ఇంతవరకూ ఏ ఆటగాడికీ 10 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వలేదు. ఒక్కసారి కూడా. అమెరికాలో మూడో అతి పెద్ద నగరంలో ఆడే జట్టు ఇది. అంటే క్రోషే ట్రేడ్ గురించి మనం వాదించుకోవడం మొదలుపెట్టక ముందే దాని ఫలితం ఖాయమైపోయింది. 1981 నుంచి యజమానిగా ఉన్న జెర్రీ రైన్స్‌డార్ఫ్ ఖర్చుకు పెట్టుకున్న హద్దు దాన్ని ఖాయం చేసింది. ఎప్పుడు, ఎవరికి, ఎంతకు అన్న మిగిలిన ప్రశ్నలే అభిమానుల చేతికి వచ్చాయి.

చిన్న జట్లకు వేరే దారి ఉండదు, అలా అమ్ముకునే బతకాలి అని కొందరు అంటారు. చికాగోని చిన్న మార్కెట్ అనడమే నాకు ఆశ్చర్యం. అయినా సరే, అదే డివిజన్‌లోని కాన్సాస్ సిటీని చూడండి. నగరం చికాగో కన్నా ఎన్నో రెట్లు చిన్నది. 2023లో రాయల్స్ 106 మ్యాచ్‌లు ఓడింది, వైట్ సాక్స్ కన్నా అయిదు ఎక్కువ. ఆ చలికాలంలో వాళ్లు తమ షార్ట్‌స్టాప్ బాబీ విట్ జూనియర్‌తో 11 ఏళ్లకు 28 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకున్నారు. సెత్ లూగో, మైకేల్ వాకా లాంటి అనుభవమున్న పిచ్చర్లను తెచ్చుకున్నారు. 2024లో 86 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. అదే చలికాలంలో వైట్ సాక్స్ సీస్‌ని వదులుకుంది. రెండు జట్లూ ఒకే చోట నుంచి బయల్దేరి ఒక్క ఏడాదిలో ఎంత దూరమయ్యాయో గెలుపోటముల పట్టికే చెబుతుంది.

ఓడిపోతే డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాళ్లు దొరుకుతారన్న ఆశ కూడా నిలబడలేదు. ఇతర క్లబ్బులతో ఆదాయం పంచుకోవాల్సిన పెద్ద మార్కెట్ జట్లకు వరసగా రెండేళ్లు లాటరీ పిక్ (లాటరీలో తేలే తొలి ఎంపికల్లో ఒకటి) ఇవ్వకూడదని కొత్త నిబంధన. అందుకే 121 ఓటముల తర్వాత 2025 డ్రాఫ్ట్‌లో వైట్ సాక్స్‌కి దక్కింది పదో స్థానం.

ఆటగాళ్ల మీద వచ్చే తిట్ల గురించి కూడా మాట్లాడాలి. ఆండ్రూ వాన్‌ని 2019 డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా తీసుకున్నారు. అతను ఫస్ట్ బేస్‌మన్. ఆ స్థానంలో అబ్రేయు ఉన్నాడు కాబట్టి కుర్రాడిని అలవాటు లేని ఔట్‌ఫీల్డ్‌లో పరుగెత్తించారు. అబ్రేయు వెళ్లిపోయాక సొంత స్థానం ఇచ్చారు గానీ అప్పటికి చుట్టూ జట్టే కూలిపోయింది. 2025 మేలో .189 దగ్గర ఉన్న వాన్‌ని మైనర్ లీగ్‌కి దించేశారు, జూన్‌లో మిల్వాకీకి ఇచ్చేశారు. ‘ఇన్నాళ్లకు వదిలింది’ అన్నవాళ్లు తక్కువేం కాదు. జూలైలో మిల్వాకీ పిలిచిన రోజు, తన మొదటి బ్యాటింగ్‌లోనే యోషినోబు యమామోటో బంతిని మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు వాన్. మిగతా సీజన్ .300 పైన ఆడాడు. మనిషి అతనే, బ్యాటూ అదే. మారినవి కోచింగ్, పరిసరాలు, భుజాల మీది బరువు. మరి ఇన్నేళ్లూ వాన్‌ని తిట్టిన నోళ్లు ఎవరిని తిట్టి ఉండాల్సింది? ఇది ఒక్క వాన్ కథ అయితే అదృష్టం అనుకోవచ్చు. ఒక క్లబ్‌ని వదిలిన వాళ్లలో ఇంతమంది బయట మెరుస్తుంటే లోపం ఆటగాళ్లలో వెతకడం అన్యాయం.

ఈ బాధ తెలుగు క్రికెట్ అభిమానులకు కొత్తది కాదు. 2021 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 14 మ్యాచ్‌ల్లో మూడే గెలిచి అట్టడుగున నిలిచింది. 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ని సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేసి, తర్వాత తుది జట్టు నుంచీ తప్పించారు. రషీద్ ఖాన్‌ని అట్టిపెట్టుకోలేదు, అతను 2022లో గుజరాత్‌తో కప్పు ఎత్తాడు. అప్పుడు హైదరాబాద్ అభిమాని వార్నర్ ధర ఎంత, రషీద్‌కి బదులు ఎవరొస్తారు అని మాత్రమే అడగలేదు. మా మనిషిని అలా ఎలా పంపిస్తారని కోపపడ్డాడు. ఆ కోపమే సరైనదని నా నమ్మకం. ఐపీఎల్‌లో ప్రతి జట్టుకీ వేలంలో డబ్బు పరిమితి ఉంటుంది, కాబట్టి ఎవరినో ఒకరిని వదులుకోక తప్పదని యాజమాన్యం చెప్పుకోవచ్చు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి గట్టి పరిమితి లేదు. ఒక స్థాయి దాటితే పన్ను కట్టాలి, అంతే. వైట్ సాక్స్ ఆ గీత దరిదాపుల్లో కూడా లేదు.

చికాగో అభిమానుల్లోనూ ఆ కోపం లేకపోలేదు. 2024 సెప్టెంబర్ చివరి హోమ్ మ్యాచ్‌ల్లో స్టేడియం ‘టీమ్ అమ్మేయండి’ అన్న నినాదాలతో మార్మోగింది. ఆటగాళ్లను కాదు, జట్టునే అమ్మమని యజమానికి చెప్పారు. మొత్తం వాదనలో సరైన చోట తగిలిన మాట అదొక్కటే. 2025 జూన్‌లో పెట్టుబడిదారు జస్టిన్ ఇష్బియాతో ఒప్పందం బయటికొచ్చింది. రైన్స్‌డార్ఫ్ కోరుకుంటే 2029 నుంచి 2033 మధ్య క్లబ్ నియంత్రణ చేతులు మారొచ్చు. అంటే అతి త్వరగా అనుకున్నా ఇంకా కొన్ని సీజన్లు పాత పద్ధతే నడుస్తుంది.

ఈలోగా కొత్త కుర్రాళ్లు వచ్చేశారు. 2025లో 102 ఓడినా ఆ జట్టును చూడాలనిపించింది. కోల్సన్ మాంట్‌గోమరీ జూలైలో వచ్చి 71 మ్యాచ్‌ల్లో 21 హోమ్‌రన్లు కొట్టాడు. మిల్వాకీ తన జాబితాలో కాపాడుకోని షేన్ స్మిత్‌ని రూల్ 5 డ్రాఫ్ట్‌లో తెచ్చుకుంటే తొలి ఏడాదే ఆల్‌స్టార్ అయ్యాడు. డిసెంబర్‌లో జపాన్ హిట్టర్ మునెతాకా మురకామితో రెండేళ్లకు 3.4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. వీటన్నిటికీ సంతోషించాలి. కానీ మురకామి ఒప్పందం రెండేళ్లే కావడం నన్ను ఆలోచనలో పడేసింది. అతను నిజంగా రాణిస్తే 2027 జూలైలో మళ్లీ అదే చర్చ మొదలవుతుంది, ‘ఇప్పుడే ఇస్తే ఎంతమంది కుర్రాళ్లు వస్తారు’ అని.

మాంట్‌గోమరీ, టీల్ విషయంలో ఆ రోజు రాకుండా చూసుకునే వీలు ఇప్పుడే ఉంది. ఆటగాడు ఆరేళ్ల సర్వీస్ పూర్తయ్యాకే ఫ్రీ ఏజెంట్ అవుతాడు. మొదటి మూడేళ్లూ దాదాపు కనీస జీతమే. ఆ దశలో దీర్ఘకాల ఒప్పందం అన్నిటికంటే చవక. ఈ క్లబ్‌కి అది తెలియనిది కాదు. ఆండర్సన్‌తో, హిమెనెజ్‌తో, మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడకముందే రాబర్ట్‌తో అలాంటివి చేసింది. చేయనిది, అవి ముగిసే లోపు ఇవ్వాల్సిన రెండో ఒప్పందం. ఆండర్సన్ ఒప్పందాన్ని పొడిగించుకునే ఆప్షన్‌ని 2023లో వదులుకున్నారు. హిమెనెజ్‌ని బాల్టిమోర్‌కి పంపారు. 2026 జనవరిలో రాబర్ట్ కూడా మెట్స్‌కి వెళ్లిపోయాడు. అభిమానులు ఈ సీజన్‌లో గెట్జ్‌ని ప్రతి ప్రెస్‌మీట్ తర్వాతా, రైన్స్‌డార్ఫ్‌ని ప్రతి టికెట్ రెన్యూవల్ సమయంలోనూ అడగాల్సినది మాంట్‌గోమరీ ఒప్పందం గురించి. అతని ట్రేడ్ విలువ గురించి కాదు.