కప్పకి వెయ్యి, క్యామ్ దగ్గర గీసి గీసి బేరం

కొత్తగా సరుకు బండికి క్లోజ్డ్ బాడీ కట్టించే ఓనర్లందరిదీ ఒకటే లెక్క. షీటు ఇంత, ఫ్లోరు ఇంత, పెయింటు ఇంత, వెనకాల దేవుడి బొమ్మ ఇంత. తలుపు గడియ దగ్గరికొచ్చేసరికి "ఆల్‌డ్రాప్ ఏసెయ్యబ్బా, మంచి తాళంకప్ప నేను కొనుక్కుంటాలే" అంటారు. ఆల్‌డ్రాప్ అంటే అడ్డంగా జరిపే కడ్డీ గడియ. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు రోడ్ల మీద తిరిగే రొయ్యల బళ్ళు, మేత బళ్ళు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు ఐసు బళ్ళు ఒకసారి వెనకనుంచి చూడండి. రెండు రెక్కలు, మధ్యలో ఒక ఆల్‌డ్రాప్, దానికి పిడికిలంత కప్ప. కింది మూల అంగుళం తెరుచుకుని నీళ్ళు కారతా ఉంటాయి. కప్ప మాత్రం భద్రంగా ఉంటుంది.

మధ్యలో తెరుచుకునే తలుపుకి గడియ అంటే దొంగ కోసం మాత్రమే అనుకోవడం దగ్గరే తప్పంతా మొదలవుతోంది. ఆ గడియకి మూడు పనులున్నాయి. రెక్కని నాలుగు మూలలా చట్రానికి నొక్కి పట్టాలి. బండి గుంటలో పడ్డప్పుడు వెనక చట్రం పక్కకి ఒరగకుండా ఆపాలి. మూడోది దొంగని ఆపడం. బాడీకి మూడు పక్కలా గోడలున్నాయి, నాలుగో పక్క ఖాళీ చట్రమే. ఆ ఖాళీలో బలమిచ్చేవి తలుపు రెక్కలే, అదీ పైనా కిందా గట్టిగా బిగిసినప్పుడే. నడుము దగ్గర ఒక్క ఆల్‌డ్రాప్ ఉంటే రెక్క నడుము ఒక్కటే కదలదు. పై మూల, కింది మూల కొట్టుకుంటానే ఉంటాయి. ఆరు నెలలకి బందుల పిన్నులు అరిగిపోతాయి, రెక్క కిందికి జారుతుంది, అప్పుడు ఆల్‌డ్రాప్ కూడా రంధ్రంలోకి దిగదు. దాన్ని సుత్తితో కొట్టి దించడం మొదలవుతుంది. ఆ సుత్తి డ్రైవర్ సీటు కింద పర్మనెంటుగా ఉంటుంది, చూసే ఉంటారు.

కంటైనర్లకి వాడే పద్ధతి చూడండి. ప్రతి రెక్క మీద నిలువునా రెండు పైపులు, పైపుకి పైనొక క్యామ్, కిందొక క్యామ్, అంటే పన్నున్న ఇనప ముక్క. చట్రానికి పైనా కిందా ఆ పన్నుని పట్టుకునే కీపర్లు. అంటే 4 పైపులు, 8 క్యామ్‌లు, 8 కీపర్లు. హ్యాండిల్ తిప్పితే పైపు తిరుగుతుంది, క్యామ్ పన్ను కీపర్ వెనక్కి దూరి రెక్కని లోపలికి లాగుతుంది. చివరి సెంటీమీటరు దూరం రెక్క చుట్టూ ఉండే రబ్బరు నలగాలి గదా, ఆ బలం మన చెయ్యి ఇవ్వలేదు, క్యామ్ ఇస్తుంది. తెరిచేటప్పుడు అదే క్యామ్ ఇంకో పక్క నుంచి కీపర్ని తన్ని, రబ్బరుకి అతుక్కున్న రెక్కని బయటికి తోస్తుంది. ఆల్‌డ్రాప్‌కి ఈ రెండు పనులూ రావు. లాగలేదు, తొయ్యలేదు, అడ్డం ఉంటుంది అంతే.

ఎన్ని పైపులు కావాలని అడుగుతారు. చిన్న బండి, అయిదడుగుల వెడల్పు బాడీకి రెక్కకి ఒకటి చాలు. వెడల్పు ఆరడుగులు, ఎత్తు ఏడడుగులు దాటిందా, రెక్కకి రెండు ఏయించండి. ఒక్క పైపే పెడితే మధ్య అంచు బిగుస్తుంది, బందుల వైపు పైమూల వదులుగానే ఉంటుంది, వాన నీళ్ళు సరిగ్గా ఆడ్నుంచే దిగుతాయి. పైపు 27 మిల్లీమీటర్లది గానీ 34ది గానీ తీసుకోండి, గోడ మందం 3 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. పల్చటి కుర్చీ పైపు వాడితే ఏమవుతుందంటే, హ్యాండిల్ తిప్పినప్పుడు కింది క్యామ్ పడుతుంది, పైపు మెలి తిరిగి పై క్యామ్ సగంలోనే ఆగుతుంది. కింద నిలబడి చూసేవాడికి బాగా పడినట్టే ఉంటుంది. పైకెక్కి చూస్తే గానీ తెలీదు.

అసలు తగాదా కీపర్ల వెల్డింగ్ దగ్గర. షెడ్డులో నేల మీద బాడీ పెట్టి కీపర్లు అతికించేస్తారు, తర్వాత ఛాసిస్ మీదికి ఎక్కిస్తారు. ఎక్కించి యూ బోల్టులు బిగించగానే చట్రం కొంచెం మెలి పడుతుంది. అప్పుడు హ్యాండిల్ పడదు. "కొత్తది గదన్నా, అరిగితే సర్దుకుంటది" అంటాడు మేస్త్రీ. సర్దుకోదు. పద్ధతి ఇది: బాడీ ఛాసిస్ మీద బిగించాక, బండి చదునైన నేల మీద నిలబెట్టి, వెనక చట్రం మూల నుంచి మూలకి టేపుతో రెండు పక్కలా కొలవండి. తేడా 3 మిల్లీమీటర్ల లోపుండాలి. రబ్బరు తగిలించే ఉండాలి, లేకుండా కీపరు పెట్టి తర్వాత రబ్బరు తగిలిస్తే ఎప్పటికీ బిగుసుకునే ఉంటుంది. రెండు రెక్కల మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా, 8 నుంచి 12 మిల్లీమీటర్లు. పైపులు మూసిన స్థితిలో ఉంచి, కీపర్ని క్యామ్‌కి ఆనించి టాక్ వెల్డ్, అంటే చుక్కల్లాగా తాత్కాలిక అతుకు, పెట్టండి. పదిసార్లు తెరిచి మూసి, పైనా కిందా రెండు క్యామ్‌లూ ఒకేసారి అందుకుంటున్నాయని చూసుకున్నాకే ఫుల్ వెల్డ్. ఆ వేడికి రబ్బరు కాలకుండా తడి గుడ్డ కప్పండి.

సరిగ్గా పడిందా లేదా అనేదానికి మిషన్ అక్కర్లేదు. చట్రం అంచు మీద సుద్ద రుద్ది తలుపు మూసి తెరవండి. రబ్బరు మీద చుట్టూ గీత తెగకుండా పడాలి, తెగిన చోట సందు ఉన్నట్టు. న్యూస్ పేపరు ముక్క పెట్టి మూసి లాగి చూడండి, ఊరికే జారి వచ్చేస్తే అక్కడ బిగువు లేదు. ఎనిమిది క్యామ్‌ల దగ్గరా చూడండి, ఒక్క దగ్గర చూసి సరిపెట్టుకోవద్దు.

ఏ రెక్క ముందు అనేది కూడా ఇంకా చెప్పాల్సొస్తోంది. కంటైనర్లలో కుడి రెక్క అంచుకున్న పట్టీ ఎడమ రెక్క మీదికి ఎక్కుతుంది. మూసేటప్పుడు ఎడమది ముందు, తెరిచేటప్పుడు కుడిది ముందు. తెరిస్తే తెలిసేట్టు వేసే నంబరు సీలు కుడి రెక్కకే వెయ్యడం అందుకే. కుడిది కదలకపోతే ఎడమది రాదు. మన షెడ్లలో కొందరు ఆ పట్టీ ఎగ్గొడతారు, లేదా ఎడమ రెక్కకి అతికించి హ్యాండిల్ తాళం కుడికి పెడతారు. ఇంక రెండో రెక్కని ఎవడైనా గడ్డపారతో ఊడదీసుకోవచ్చు. పట్టీ ఏ రెక్కకుంటే తాళం ఆ రెక్కకే.

చిన్న బళ్ళలో, మొదటి రెక్కకి పైనా కిందా టవర్ బోల్టు (నిలువుగా జరిపే గడియ), రెండో రెక్కకి తాళం పెట్టే పద్ధతి ఉంది. చిన్న లోడుకి అది చాలు, చక్కగా చేస్తే. కింది బోల్టు దిగే రంధ్రం ఆరపార ఉండాలి. అడుగు మూసేస్తే మట్టి, మేత పొడి నిండి బోల్టు అర అంగుళం కూడా దిగదు. కనీసం 25 మిల్లీమీటర్లు దిగాలి. పై బోల్టుకి భూమ్యాకర్షణే శత్రువు. రోడ్డు అదురుకి అదే కిందికి జారిపోతుంది. దాని పిడి పక్కకి తిరిగి గాడిలో కూర్చోవాలి, లేకపోతే లోపల స్ప్రింగ్ ఉండాలి. ఈ రెండూ లేని టవర్ బోల్టు ఇంటి కిటికీకి పెట్టుకోండి, బండికొద్దు.

మనుషులెక్కే బండి వెనక ఇట్టాంటి తలుపులుంటే సంగతి వేరు. అక్కడ గుండ్రంగా తిరిగి కొక్కేన్ని పట్టుకునే లాచ్ ఉండాలి, దానికి రెండు మెట్లుండాలి. తలుపు సరిగ్గా వెయ్యకపోయినా మొదటి మెట్టులో ఆగుతుంది, తెరుచుకుపోదు. ఐక్యరాజ్యసమితి 11వ నంబరు వాహన నిబంధనలో పక్క తలుపుల లాచ్ పూర్తిగా పడ్డప్పుడు లాచ్ ముఖానికి లంబంగా లాగితే 11,000 న్యూటన్లు, మొదటి మెట్టులో 4,500 న్యూటన్లు ఓర్చుకోవాలని ఉంది. అంటే సుమారు 1,100 కిలోల బరువు, 450 కిలోల బరువు. మన షెడ్డులో ఆల్‌డ్రాప్ పెట్టి అంబులెన్సని బోర్డు రాసిన బళ్ళకి ఈ లెక్కలు ఎవరూ చూడరు.

ఇప్పుడు దొంగల సంగతి. కప్ప కోసేవాడు మామూలు దొంగ. తెలిసినవాడు కప్ప జోలికీ సీలు జోలికీ పోడు. హ్యాండిల్‌ని పైపుకి పట్టి ఉంచే రివెట్టో బోల్టో ఉంటుంది, దాన్ని తొలిచి హ్యాండిల్ పక్కకి తప్పిస్తాడు. పైపు తిప్పుతాడు, సరుకు తీస్తాడు, కొత్త రివెట్టు కొట్టి రంగు పూస్తాడు. సీలు నంబరు కాయితంలో ఉన్నట్టే ఉంటుంది. బోల్ట్ సీలు అంటే ఐఎస్ఓ 17712 అనే అంతర్జాతీయ సీళ్ళ ప్రమాణం ప్రకారం హెచ్ (హై సెక్యూరిటీ) గుర్తున్నదే తీసుకోండి, లాగుడుకి 10 కిలోన్యూటన్లు, అంటే దాదాపు టన్ను, ఓర్చుకుంటుంది. అయితే సీలు గట్టిదైనంత మాత్రాన అది పట్టుకున్న హ్యాండిల్ గట్టిదైపోదు. సీలు పని "ఎవరో తెరిచారు" అని చెప్పడం. అందుకే కొన్ని కంటైనర్లలో సీలు రంధ్రం కింది క్యామ్, కీపరు కలిసే చోటే ఇస్తున్నారు, హ్యాండిల్ ఊడదీసినా పైపు తిరగదు. మన బాడీలకి కూడా ఆ రంధ్రం వేయించుకోవచ్చు. క్యామ్‌కీ కీపర్‌కీ కలిపి తొలిచిన ఒక్క రంధ్రం, అంతే ఖర్చు.

బోల్టుల్లో కూడా చూడాలి. బయటి నుంచి స్పానర్ పట్టే ఆరు మూలల తల ఒక్కటి కూడా ఉండకూడదు. గుండు తల, కింద చతురస్రం మెడ ఉన్న బోల్టు బయట, అదురుకి వదులవని నైలాక్ నట్టు లోపల. బందుల పిన్నులు రెండు చివరలా టాక్ పెట్టండి. పిన్ను పైకి కొట్టి బందుల వైపు నుంచి రెక్క తీసేసిన బళ్ళున్నాయి, కప్ప ఎక్కడిదక్కడే వేలాడతా ఉంటుంది.

రొయ్యల పఫ్ బాడీలకి, అంటే చలి నిలవడానికి గోడల్లో నురగ పోసిన బాడీలకి, ఇంకో గొడవ. తలుపు మందం 75 మిల్లీమీటర్లో 100 మిల్లీమీటర్లో ఉంటుంది, బయట పల్చటి షీటు, లోపల నురగ. క్యామ్ రాడ్ బ్రాకెట్లని ఆ షీటుకి సెల్ఫ్ స్క్రూలతో కొడతారు. నాలుగు ట్రిప్పులకి స్క్రూ ఊడి వస్తుంది, రంధ్రంలోంచి నీళ్ళు నురగలోకి పోతాయి, తలుపు బరువెక్కుతుంది, చలి నిలవదు, వాసన పట్టుకుంటుంది. పఫ్ పొయ్యకముందే బ్రాకెట్లు వచ్చే చోట లోపల 5 మిల్లీమీటర్ల ప్లేటు పెట్టించుకోవాలి. పోసేశాక గుర్తొస్తే, ఆరపార బోల్టు వేసి మధ్యలో గొట్టం బుష్ పెట్టాలి. లేకపోతే బిగించేకొద్దీ నురగ నలిగి షీటు సొట్టపడుతుంది. అయితే ఆరపార బోల్టు లోపలి చివర చలికి చెమర్చి ఐసు కడుతుంది, కాబట్టి దాని మీద ప్లాస్టిక్ టోపీ పెట్టించండి.

ఉప్పునీళ్ళు కింది క్యామ్‌లనే తింటాయి. కరిగిన ఐసు, రొయ్యల నీళ్ళు గుమ్మం మీదే నిలుస్తాయి. కనీసం కింది నాలుగు క్యామ్‌లు, కీపర్లు ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) వేయించండి. పైనివి జింకు పూత ఉన్నవైనా నడుస్తాయి. గుమ్మం వాలుగా ఉండాలి, నీళ్ళు పోయే దారుండాలి. ప్రతి లోడు దించాక మంచినీళ్ళతో కడగండి, వారానికోసారి పైపు తిరిగే బుష్‌లకి గ్రీజు పెట్టండి. డ్రైన్ ఆయిల్, అంటే ఇంజన్లోంచి తీసేసిన పాత ఆయిల్, పుయ్యొద్దు. దుమ్ము పట్టి సాన పెట్టే పేస్టులాగా తయారవుతుంది, రబ్బరుని కూడా తినేస్తుంది.

చలి బండి తలుపు మూసి వెంటనే మళ్ళీ తెరవబోతే రాదు. లోపలికి పోయిన వేడి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి రెక్కని నొక్కి పడుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగితే చాలు. మనవాళ్ళు ఆగరు. హ్యాండిల్‌కి రెండడుగుల పైపు తొడిగి లాగుతారు. రాడ్లు వంగేది ఎక్కువగా అక్కడే. హ్యాండిల్‌కి పైపు తొడగాల్సి వచ్చిందంటే లోపం ఇంకెక్కడో ఉంది. బండి ఎగుడుదిగుడు నేల మీద ఉండొచ్చు, ముందుకో వెనక్కో జరిపి చూడండి.

మేత బళ్ళోళ్ళకి వేరే జాగ్రత్త. 25 కిలోల బస్తాలు 240 అంటే 6 టన్నులు. పదిశాతం ఎక్కుడు రోడ్డు మీద అందులో 600 కిలోల దాకా వెనక్కి లాగుతుంది. రాపిడి చాలావరకూ ఆపుతుంది గానీ అదురు మొదలైతే ఆ రాపిడి తగ్గిపోతుంది. దోర్నాల ఘాట్ ఎక్కేసరికి బస్తాలు రెక్కల మీద వాలి ఉంటాయి. వెనక వరస గడియ మీద ఆనకుండా అడ్డ కడ్డీ వెయ్యండి. దించేటప్పుడు కుడి రెక్క పూర్తిగా ఒకేసారి తెరవకండి. రెక్క ఎదురుగా నిలబడకుండా బందుల వైపు నిలబడి, రెక్కని చేత్తో ఆపుకుంటా అరచెయ్యంత సందు ఇచ్చి, బస్తాలు వాలి ఉన్నాయేమో చూడండి. తెరిచాక గాలికి కొట్టుకోకుండా రెక్కని పక్కకి తిప్పి గొలుసుకి తగిలించండి.

చివరికి ఒకటి, దీని దగ్గర బేరం ఆడొద్దు. చలి బాడీ ఏదైనా సరే, లోపలినుంచి తెరుచుకునే పిడి ఉండాలి. ఐసు సర్దడానికి ఒకడు లోపలికి ఎక్కుతాడు, ఇంకొకడు లోడ్ అయిపోయిందనుకుని హ్యాండిల్ వేసేస్తాడు. మందపాటి పఫ్ గోడల్లోంచి అరుపు బయటికి వినపడదు, లోపల సిగ్నలూ ఉండదు. రాడ్‌కి కలిపిన పిడి లోపల ఉండాలి, అది బయట కప్ప వేసినా పనిచెయ్యాలి, చీకట్లో కనిపించేట్టు మెరిసే స్టిక్కరు ఉండాలి. బండి చేతికి తీసుకునే రోజు ఓనరు లోపల నిలబడి, బయట మేస్త్రీ చేత కప్ప వేయించి, ఆ పిడితో తానే బయటికి రావాలి. ఆ తర్వాతే మిగిలిన డబ్బు ఇవ్వండి.