అప్పన్న కృపతో ప్రథమ స్థానం

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు 40 మంది, పనిచేసే కంప్యూటర్లు 10. కనుక నలుగురిని ఒకదాని ముందు కూర్చోబెట్టక తప్పదు. ఆ తప్పనిసరి పనిని శాస్త్రీయంగా చేయాలన్న దుర్బుద్ధి నాకు పుట్టింది. గణితం మార్కులను బట్టి ప్రతి బృందంలో ముందున్నవారు ఒకరు, మధ్యస్థులు ఇద్దరు, వెనుకబడినవారు ఒకరు ఉంటే, తెలిసినవాడు తెలియనివాడికి చెబుతూ తానూ నేర్చుకుంటాడని సహకార అభ్యసన నిపుణులు అంటారు. అయితే ఇటువంటి బృందాల్లో పై వాడూ కింది వాడూ గురుశిష్యులైపోయి, మధ్యస్థులు ఆ సంభాషణకు వెలుపల మిగిలిపోతారని అమెరికా పరిశోధకురాలు నోరీన్ వెబ్ 1980ల నాటి అధ్యయనాల్లో గమనించారు. అందుచేత ఆ ఇద్దరినీ ఓ కంట కనిపెట్టాలని కూడా నిశ్చయించుకున్నాను.

హాజరుపట్టీ వరుసలో పేర్లు, పక్కన మార్కులు ఎక్సెల్‌లో ఎక్కించి, మార్కుల వరుసను ఎంచుకొని, ఎక్కువ నుంచి తక్కువకు సర్దమన్నాను. పక్క వరుసను కూడా కలుపుకోమంటారా అని అది మర్యాదగానే అడిగింది. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడితో అన్నట్టు, చాలు చాలు, ఉన్నదానితోనే కానిమ్మన్నాను.

ఫలితం చూసి కొంత ఆశ్చర్యపోయిన మాట నిజం. అప్పన్న, అప్పలనరసమ్మ, అప్పలనాయుడు, అప్పలరాజు మొదలుకొని పై స్థానాల్లో ఉన్నవారంతా దాదాపు సింహాచలం స్వామి పేరు పెట్టుకున్నవారే. అరసవల్లి దేవుడి పేరున్న సూర్యనారాయణ అట్టడుగున ఉన్నాడు. మా వైపు వీధిలో 'అప్పలరాజూ' అని పిలిస్తే నలుగురు పలుకుతారు గనుక, ఇదీ స్వామి కృపే అనుకొని జాబితాను నోటీసు బోర్డుకు అంటించేశాను.

మర్నాడు చక్రవడ్డీ పట్టిక తయారుచేయమన్నాను. అప్పలరాజు మౌసును, జారిపోబోయే చేపను అదిమినట్టు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. పక్కనున్న సూర్యనారాయణ ఏదో చెప్పబోతే, "నువ్వు వినాలి, వాడు చెప్పాలి" అని రెండుసార్లు కసిరాను. మధ్యస్థులిద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. సిద్ధాంతంలో ఆ ఒక్క భాగమే నాకు కచ్చితంగా ఫలించింది.

చివరికి అప్పలరాజే లేచి, "నాకు 94 ఏటి మాస్టారూ? పేపరు మీద 31 కదా ఏసినారు" అన్నాడు.

"మార్కులే సర్దీసినారు మాస్టారూ, పేర్లు ఉన్నచోటే ఉండిపోనాయి. అదే చెబుదామంటే వద్దన్నారు" అన్నాడు సూర్యనారాయణ. చేసినదాన్ని వెనక్కి మళ్లిద్దామంటే, ఫైలును సేవ్ చేసి మూసేసిన మహానుభావుణ్ణి కూడా నేనే.

జవాబు పత్రాల కట్ట విప్పి మళ్లీ మార్కులు ఎక్కిద్దామని కూర్చునేసరికి, అప్పలరాజు తండ్రి కొత్త తువ్వాలు భుజాన వేసుకొని, పలాస జీడిపప్పు పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు. "మావోడికి 94 వచ్చినాయంట కదా బాబూ" అని ఆయన చేతులు జోడిస్తుంటే, నేను దిక్కుతోచక సూర్యనారాయణ వైపు చూశాను. వినవలసినవాడు గనుక, వాడు నోరు మెదపలేదు.